ల్యాప్‌టాపు చరిత్ర – కొనువారు అడుగవలసిన ప్రశ్నలు



నాగలిని ఎరుగనివారు మనలో లేరు. నేలను చీల్చుచు దినదినము అరిగిపోవునది దాని కర్రు. కర్రు మొద్దువారినప్పుడు రైతు నాగలిని పారవేయడు. కమ్మరి కొలిమికి పోయి కర్రును సాగగొట్టించుకొనును. అదియు పనికిరానప్పుడు క్రొత్త కర్రును తగిలించుకొనును. మేడి వెనుకటిదే, కాడి వెనుకటిదే. కుండ సంగతి వేరు. బీటలు వారిన కుండకు మరమ్మతు లేదు. ఐనను కుండను మనమెవ్వరమును నిందింపము. ఏలయనగా అది చవుక, తేలిక, నీటిని చల్లగా నుంచును. ఒక వస్తువు విడిభాగములతో కూర్చబడి యుండుట మేలా, ఒకే ముద్దగా నుండుట మేలా యను విచారణ మన పెద్దలకు క్రొత్త కాదు.

ఈ విచారణయే నేడు వ్యవహారముల కొరకు ల్యాప్‌టాపు కొనబోవు ప్రతివాని యెదుటను నిలిచియున్నది. ల్యాప్‌టాపు అనగా ఒడిలో పెట్టుకొని పనిచేయదగిన కంప్యూటరు. ఇది పట్టణములలోని పెద్ద కంపెనీల వస్తువే కదా, మనకేల యని యనుకొనరాదు. 2022 జూన్ నెలలో కేంద్ర ప్రభుత్వమువారు దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటర్లలోనికి మార్చుటకై 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించిరి. నేడు ధాన్యపు మిల్లు, ఎరువుల దుకాణము, పాల కేంద్రము – వీనిలో కంప్యూటరు లేని చోటు అరుదు. ఇట్టి సంఘములలోను సంస్థలలోను పెద్దలుగా నున్న మీరే ఒకనాడు కొనుగోలు కాగితముమీద సంతకము చేయవలసిన వారు. ఆ సొమ్ము సభ్యుల సొమ్ము. మూడేండ్లకే మూలబడు యంత్రమును కొన్నచో సమాధానము చెప్పవలసినవారును మీరే. కావున ఈ యంత్రము నలువదియైదేండ్లలో ఎట్లు మారినదో, దాని మూత ఎట్లు తెరువబడెనో, ఎట్లు మూయబడెనో, మరల ఎట్లు తెరువబడుచున్నదో చెప్పదలచితిని.

ముందుగా ఆ పెట్టెలో ఏమున్నదో తెలిసికొందము. ప్రాసెసరు అనునది లెక్కచేయు గుమాస్తా వంటిది. మెమరీ, అనగా దుకాణములలో ర్యామ్ అని పిలుచునది, ఆ గుమాస్తా కాగితములు పరచుకొను బల్ల. బల్ల చిన్నదైనచో ఎంత చురుకైన గుమాస్తాయైనను కాగితములను తీయుటలోను పెట్టుటలోనే ప్రొద్దు పుచ్చును. డిస్కు అనునది దస్తావేజులను దాచు బీరువా. బ్యాటరీ విద్యుత్తును నిలువచేయునది. వీనినన్నిటిని కలిపి పట్టుకొను పలకకు మదర్‌బోర్డు అని పేరు. వీనిలో ఏవి మరలతో బిగింపబడినవి, ఏవి టంకముతో అతుకబడినవి యనుటయే నేటి మన కథ.

ఎక్కడికైనను చేతబట్టుకొని పోదగిన కంప్యూటరు అను ఊహ 1972 నాటికే కలదు. అమెరికాలో జిరాక్సు కంపెనీవారి పాలో ఆల్టో పరిశోధనాలయమున పనిచేయుచుండిన ఆలన్ కే అను శాస్త్రజ్ఞుడు ఆ సంవత్సరమున డైనాబుక్ అను యంత్రమును వర్ణించుచు ఒక వ్యాసము ప్రకటించెను. అది పుస్తకమంత యుండవలెను, బాలురకు సైతము ఉపయోగపడవలెను అని ఆయన కోరిక. ఆనాటి పరికరములతో అట్టిది చేయుట సాధ్యము కాలేదు. కోరిక ముందు పుట్టినది. వస్తువు తరువాత వచ్చినది.

అంగడిలో విరివిగా అమ్ముడుపోయిన మొదటి ప్రయాణపు కంప్యూటరు 1981 ఏప్రిల్‌లో వెలువడిన ఆస్‌బర్న్ 1. దాని వెల 1,795 డాలర్లు. బరువు సుమారు 11 కిలోలు. తెర 5 అంగుళములు మాత్రమే. లోపల బ్యాటరీ లేదు; గోడకు తగిలింపనిదే పనిచేయదు. మూత మూసినచో కుట్టుమిషను పెట్టె వలె కనబడెడిది. దానిని ఒడిలో పెట్టుకొనుట ఎవరి తరమును గాదు. ఐనను లెక్కలు వేయు ప్రోగ్రామును, ఉత్తరములు వ్రాయు ప్రోగ్రామును దానితోపాటే యిచ్చుట వలన వ్యాపారులు దానిని ఉత్సాహముతో కొనిరి.

దానిని వెలువరించిన ఆడమ్ ఆస్‌బర్న్ మన దక్షిణదేశముతో దగ్గర సంబంధము గలవాడు. ఆయన 1939లో బ్యాంకాక్‌లో జన్మించెను. తండ్రి ఆర్థర్ ఆస్‌బర్న్ శ్రీ రమణ మహర్షి భక్తుడు. మహర్షి జీవితమును గూర్చి ఆంగ్లమున గ్రంథము వ్రాసినవాడు, రమణాశ్రమము నుండి 1964లో ఆరంభమైన మౌంటెన్ పాత్ పత్రికకు తొలి సంపాదకుడు. కుమారుని బాల్యము అరుణాచలము చెంతనే, తిరువణ్ణామలైలో గడచెను. తుదకు 2003లో ఆయన కొడైకెనాలులో కన్నుమూసెను. అరుణగిరి నీడను పెరిగిన బాలుడు ప్రయాణపు కంప్యూటరును లోకమునకు పరిచయము చేయుట చరిత్రలోని చిత్రములలో నొకటి.

ఆ కంపెనీ ఎంత వేగముగా పెరిగెనో అంత వేగముగా కూలెను. 1983లో ఆస్‌బర్న్ తన తరువాతి యంత్రము ఇంకను బాగుండునని ముందుగానే ప్రకటించెను. అది విన్నవారు పాతదానిని కొనుట మానిరి. పోటీ కంపెనీల యంత్రములు కూడ అదే కాలమున మీదికి వచ్చెను. ఆ సెప్టెంబరులోనే కంపెనీ దివాలా తీసెను. రాబోవు సరకును పొగడి ఉన్న సరకును చంపుకొనుటకు ఆంగ్లేయ భాషలో ఆయన పేరే నిలిచిపోయెను. దీని యందు కొనువారికి ఒక పాఠమున్నది. వచ్చే సంవత్సరము మంచిది వచ్చునన్న మాట ఏ సంవత్సరమునకైనను నిజమే. దానిని నమ్మి కూర్చున్నచో ఎన్నటికిని కొనుట జరుగదు.

1981 ఆగస్టు 12న ఐబీఎం కంపెనీవారు తమ పర్సనల్ కంప్యూటరును ప్రకటించిరి. అది బల్లమీది యంత్రమే గాని, మన కథకు మూలస్తంభము. దాని పలకమీద క్రొత్త కార్డులను గ్రుచ్చుకొనుటకు 5 సందులు విడువబడెను, వీనినే స్లాటులందురు. అంతకంటె ముఖ్యమైన దేమనగా, దాని లోపలి తీగల పటములను వారు పుస్తకముగా అచ్చువేసి అమ్మిరి. ఏ ఊరి మెకానిక్కు ఐనను దానిని చూచి బాగుచేయవచ్చును. ఏ కంపెనీ ఐనను దానికి సరిపడు కార్డును చేసి అమ్మవచ్చును. ఐబీఎం యంత్రమునకు సరిపోవు ప్రయాణపు కంప్యూటరును కాంపాక్ అను క్రొత్త కంపెనీ 1982 నవంబరులో ప్రకటించెను. బరువు సుమారు 13 కిలోలు. ఐబీఎం కొరకు చేసిన కార్డులు దానియందును పట్టెడివి. భాగములు మార్చుకొను సౌకర్యము, సులభముగా మోయు సౌకర్యము – ఈ రెంటిలో ఆనాడు మొదటిది సంపూర్ణముగా నుండెను, రెండవది నామమాత్రమే.

ఆ 1982లోనే మరియొక మార్గమున గ్రిడ్ కంపాస్ అను యంత్రము వెలువడెను. బిల్ మాగ్రిడ్జ్ అను రూపశిల్పి దానికి ఆకృతి కల్పించెను. తెర కీబోర్డుమీదికి పుస్తకము వలె మడచుకొనును; నేటి ల్యాప్‌టాపులన్నియు ఆ మడతనే అనుసరించుచున్నవి. మెగ్నీషియముతో చేసిన పెట్టె గట్టిది. బరువు సుమారు 5 కిలోలు. అమెరికా అంతరిక్ష నౌకలలో సైతము దానిని వాడిరి. కాని వెల 8,150 డాలర్లు! తేలికదనమునకు ఎంత మూల్యము చెల్లింపవలెనో ఆ యంత్రమే మొదట చూపెను.

జపానులోని తోషిబా కంపెనీ 1985లో టి 1100 అను యంత్రమును వెలువరించెను. బరువు 4 కిలోలకు కొంచెము ఎక్కువ. వెల 1,899 డాలర్లు. లోపల బ్యాటరీ కలదు. ఐబీఎం ప్రోగ్రాములు దానిపై నడచెడివి. ఒడిలో పెట్టుకొను కంప్యూటరు సామాన్య వ్యాపారికి అందుబాటులోనికి వచ్చినది ఇంచుమించుగా ఇప్పటినుండియే. అప్పటికి ఒక చిక్కు మిగిలియుండెను. పెట్టె చిన్నదగుటచే బల్లమీది యంత్రపు కార్డులు దానిలో పట్టవు. దీనిని తీర్చుటకు అనేక కంపెనీలు 1989లో ఒక సంఘముగా కూడి, జేబులో పెట్టుకొను గుర్తింపుకార్డంత పొడవు వెడల్పులు గల కార్డునకు కొలతలు నిర్ణయించిరి. టెలిఫోను తీగకు తగిలించు మోడెమ్, కార్యాలయపు తీగకు తగిలించు నెట్‌వర్కు కార్డు మొదలైనవన్నియు ఈ కొలతలో వచ్చెను. ల్యాప్‌టాపు ప్రక్కన ఒక సందు, దానిలో ఏ కంపెనీ కార్డైనను పట్టును. పోటీదారులు కూడి కూర్చుండి ఒక కొలతకు కట్టుబడుట వలన కొనువారికి కలిగిన లాభమునకు ఇది మంచి యుదాహరణము.

1992లో ఐబీఎం తన థింక్‌ప్యాడ్ యంత్రములను ప్రవేశపెట్టెను. రిచర్డ్ సాపర్ అను జర్మను రూపశిల్పి జపానువారి భోజనపు పెట్టెను మనసునం దుంచుకొని ఆ నల్లని ఆకృతిని కల్పించెనని చెప్పుదురు. మన టిఫిను క్యారియరు వలెనే, వెలుపల నిరాడంబరము, తెరచినచో లోపల అన్నియు అమర్చినట్లుండును. ఈ వంశపు యంత్రములను ఎట్లు విప్పవలెనో, ఏ మరను ముందు తీయవలెనో తెలుపు మరమ్మతు పుస్తకములను ఐబీఎం బహిరంగముగా ప్రకటించెను. 2005లో ఆ వ్యాపారమును కొన్న చైనా దేశపు లెనోవో కంపెనీయు ఆ పద్ధతిని కొనసాగించినది. కార్యాలయములకై కొనువారు ఇట్టి యంత్రములను కోరుటకు ఇది ముఖ్య కారణము.

ఇట్లు 1990 మొదలు సుమారు ఇరువదేండ్లు ల్యాప్‌టాపునకు మంచి కాలము నడచెను. అడుగున ఒక గొళ్లెము జరిపినచో బ్యాటరీ ఊడివచ్చును. రెండు మరలు తీసినచో మెమరీ పలక కనబడును; చిన్నదానిని తీసి పెద్దదానిని పెట్టుకొనవచ్చును. మరి రెండు మరలు తీసినచో డిస్కు వచ్చును. తరువాతి కాలమున తిరుగుడు పళ్లెము గల హార్డ్ డిస్కునకు మారుగా కదిలెడి భాగములు లేని ఎస్.ఎస్.డి. వచ్చినది. మందగించిన పాత యంత్రములనేకము ఆ ఒక్క మార్పుతో మరల చురుకుగా పనిచేసెను. సికిందరాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి అంగళ్లలో ఇట్టి పనులవలన ఎందరో కుఱ్ఱవాండ్రకు జీవనోపాధియు కలిగెను.

2008 జనవరిలో గాలి మారెను. ఆపిల్ కంపెనీ అధిపతి స్టీవ్ జాబ్స్ శాన్ ఫ్రాన్సిస్కో నగరమున సభలో నిలువబడి, కాగితములు పంపుకొను కవరులోనుండి ఒక ల్యాప్‌టాపును వెలికి తీసెను. దాని పేరు మ్యాక్‌బుక్ ఎయిర్, బరువు 1.36 కిలోలు. సభవారు విస్తుపోయిరి. కాని ఆ సన్నదనమునకై విడిచిపెట్టినవి కొన్ని కలవు. మెమరీ 2 గిగాబైట్లు, అది పలకకే టంకముతో అతుకబడినది, పెంచుకొనుటకు వీలులేదు. బ్యాటరీ లోపల మరలతో బిగింపబడినది. మరి నాలుగేండ్లకు, 2012లో, అదే కంపెనీ వెలువరించిన మ్యాక్‌బుక్ ప్రో యంత్రమున మెమరీకి టంకము, బ్యాటరీకి జిగురు కూడ వచ్చెను. యంత్రములను విప్పి పరీక్షించు ఐఫిక్సిట్ అను సంస్థ మరమ్మతు విషయమున దానికి 10కి 1 మార్కు మాత్రమే ఇచ్చెను. 2011లో ఇంటెల్ కంపెనీ అల్ట్రాబుక్ అను పేర సన్నని యంత్రములను ప్రోత్సహించుటచే ఇతర కంపెనీలును అదే దారి పట్టెను.

ఇదంతయు కొనువారిని మోసగించుటకే జరిగినదని చెప్పుట న్యాయము కాదు. బ్యాటరీని ఊడదీయు రకముగా చేయవలెనన్నచో దానికి వేరుగా గట్టి పెట్టె, గొళ్లెము, గోడలు కావలెను. అవి తీసివేసినచో ఆ స్థలమున పెద్ద బ్యాటరీ పట్టును. 2009లో 17 అంగుళముల మ్యాక్‌బుక్ ప్రోలో బ్యాటరీని లోపలనే అమర్చినప్పుడు, అది ఒకమారు నింపిన 8 గంటలు నడచుననియు, 1,000 మార్లు నింపవచ్చుననియు ఆపిల్ వారు చెప్పిరి. మెమరీ విషయమున కారణము ఇంకను లోతైనది. సంకేతములు మిక్కిలి వేగముగా పరుగిడునప్పుడు పొడవైన తీగయు, గ్రుచ్చుడు సందును వానిని చెదరగొట్టును. తీగ పొట్టిదై, అతుకు గట్టిదైనచో తక్కువ విద్యుత్తుతోనే ఎక్కువ వేగము సాధ్యమగును. గ్రుచ్చుకొను డి.డి.ఆర్. 5 మెమరీ సాధారణముగా ఒక్కొక్క తీగమీద సెకనుకు 560 కోట్ల మార్లు సమాచారము పంపును. టంకము వేయు ఎల్.పి.డి.డి.ఆర్. 5 ఎక్స్ రకము 853 కోట్ల మార్ల వరకు పంపగలదు. టంకము వెనుక ఇట్టి శాస్త్రకారణము కూడ ఉన్నదని మనము గుర్తింపవలెను.

ఐనను నష్టము నష్టమే. బ్యాటరీ రసాయనముతో నడచునది; వాడినను వాడకున్నను కొన్ని యేండ్లకు దాని సత్తువ తగ్గును. ఇది కర్రు అరుగుట వంటిది. దానిని జిగురుతో అతికించుట యనగా కర్రును నాగలికి శాశ్వతముగా పోత పోయించుటయే. ఇక డిస్కును గూడ టంకముతో అతికిన యంత్రములు కలవు. వానిలో మదర్‌బోర్డు చెడినచో బీరువాయు గదితోపాటు కూలినట్లే. లెక్కలను తిరిగి సంపాదించుట దుర్ఘటము. విడిడిస్కు గల యంత్రమున పలక కాలిపోయినను డిస్కును తీసి వేరొక యంత్రమునకు తగిలించి లెక్కలను కాపాడుకొనవచ్చును.

ఇందుకు ప్రతిక్రియ కలుగక మానలేదు. నీరవ్ పటేల్ అను ఆయన అమెరికాలో స్థాపించిన ఫ్రేమ్‌వర్క్ కంపెనీ 2021లో ఒక ల్యాప్‌టాపును అమ్మెను. దాని మూత విప్పుటకు స్క్రూడ్రైవరును పెట్టెలోనే ఉంచి యిచ్చిరి. బ్యాటరీ, తెర, కీబోర్డు, మెమరీ, డిస్కు – అన్నియు మార్చుకొనవచ్చును. 2022లో క్రొత్త ప్రాసెసరు గల మదర్‌బోర్డును విడిగా అమ్మగా, ముందటి సంవత్సరము కొన్నవారు పాత పెట్టెలోనే దానిని బిగించుకొనిరి. మాట యిచ్చుట వేరు, నిలుపుకొనుట వేరు, వీరు నిలుపుకొనిరి. కాని ఈ కంపెనీయే 2025లో బల్లమీద పెట్టు ఒక కంప్యూటరును ప్రకటించినప్పుడు మెమరీని టంకముతో అతుకవలసి వచ్చెను. ఆ ప్రాసెసరు కోరు వేగము విడి పలకలతో సాధ్యము కాలేదని వారే ఒప్పుకొనిరి. దీనివలన మనకు తెలియున దేమి? శాస్త్రకారణముచే మూసిన తలుపు ఒకటి, సౌందర్యము కొరకో లాభము కొరకో మూసిన తలుపు వేరొకటి.

మెమరీకి మధ్యమార్గమును వెదకినవారును కలరు. 2022లో డెల్ కంపెనీ తన పెద్ద యంత్రములలో సన్నగా పరుండబెట్టి మరలతో నొక్కిపెట్టు క్రొత్త మెమరీ పలకను ప్రవేశపెట్టెను. 2023 డిసెంబరులో మెమరీ కొలతలను నిర్ణయించు జెడెక్ సంస్థ దానినుండి అందరికిని పనికివచ్చు నియమమును ప్రకటించెను. టంకపు మెమరీ వేగమును, విడి మెమరీ సౌకర్యమును జతపరచు ఇట్టి పలకతో 2024లో లెనోవోవారి థింక్‌ప్యాడ్ పి 1 వచ్చినది. అదే సంవత్సరమున వచ్చిన థింక్‌ప్యాడ్ టి 14 కథ ఇంకను విశేషము. 2018 నాటి టి 480లో మెమరీకి రెండు సందులుండెను. 2019 నాటి టి 490లో ఒకటి పోయి టంకము వచ్చెను. 2024లో టి 14 అయిదవ తరమున రెండు సందులును తిరిగి వచ్చెను. ఐఫిక్సిట్ దానికి 10కి 9 మార్కులిచ్చెను. కొనువారు గట్టిగా అడిగినచో మూసిన తలుపు మరల తెరువబడగలదు.

ప్రభుత్వములును కదలినవి. 2021 జనవరి నుండి ఫ్రాన్సు దేశమున ల్యాప్‌టాపు మీద అది మరమ్మతునకు ఎంత అనువైనదో తెలుపు మార్కులను అచ్చువేయవలెనని నిబంధన వచ్చెను. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన శాసనము ప్రకారము, చేతిలో పట్టు పరికరముల బ్యాటరీలను 2027 ఫిబ్రవరి 18 మొదలు కొన్నవాడే తీసి మార్చుకొను వీలుండవలెను. మన దేశమున వినియోగదారుల వ్యవహారముల శాఖవారు 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పేరిట ఒక వెబ్‌సైటును తెరచి, కంపెనీల మరమ్మతు వివరములను, సర్వీసు సెంటర్ల వివరములను ఒక్కచోట చేర్చిరి.

ఇంతవరకు చెప్పినది వినగా, అన్ని భాగములు మార్చుకొన దగిన యంత్రమే మంచిదని మీకు తోచవచ్చును. చరిత్ర అట్లు చెప్పదు. తెరచిన తలుపునకును కాలపరిమితి కలదు. మెమరీ పలకలు తరము మారినప్పుడెల్ల సందు ఆకారము మారును, డి.డి.ఆర్. 4 సందులో డి.డి.ఆర్. 5 పట్టదు. ఆనాడు అందరు మెచ్చిన కార్డు సందు నేటి యంత్రములలో కానరాదు. తరువాత చవుకగా కొని పెంచుకొందము అను ఆశయు ప్రతిమారు ఫలింపదు. కృత్రిమ మేధ కొరకు కట్టుచున్న మహాయంత్రశాలల గిరాకీవలన 2025 చివర మెమరీ వెలలు ఆకస్మికముగా పైకెగసెను. ప్రాసెసరు సంగతి చెప్పనక్కరలేదు. ఇటీవలి పదేండ్ల ల్యాప్‌టాపులలో అది దాదాపు అన్నిటను పలకకు అతుకబడినదే. అదిగాక, యంత్రమును నడపు ప్రోగ్రామును బట్టియు ఆయువు తీరును. మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్ 10కి సామాన్యముగా ఇచ్చు రక్షణ సవరణలను 2025 అక్టోబరు 14తో ముగించెను. తరువాతిదగు విండోస్ 11, సుమారు 2018కి ముందటి ప్రాసెసర్లను చాలవరకు అంగీకరింపదు. మెమరీ పెంచి, డిస్కు మార్చి చక్కగా నడచుచున్న యంత్రములు సైతము ఆ గడువుతో చిక్కున పడెను.

కావున నా అభిప్రాయమిది. ఏ భాగము నిశ్చయముగా అరుగునో, ఏ అవసరము నిశ్చయముగా పెరుగునో – ఆ రెండు చోట్ల తలుపు తెరచియున్న చాలును. అరుగునది బ్యాటరీ. పెరుగునవి మెమరీ, డిస్కు. తక్కినవి మూసియున్నను మనకు పెద్ద నష్టము లేదు. ఈ సూత్రమును పట్టుకొని అంగడివానిని అడుగవలసిన ప్రశ్నలను చెప్పెదను, వ్రాసికొనుడు.

మొదటిది: బ్యాటరీ మరలతో బిగింపబడినదా, జిగురుతో అతుకబడినదా? నాలుగేండ్ల తరువాత అసలైన బ్యాటరీ దొరకునా, మన జిల్లాలో మార్చువారు కలరా?

రెండవది: మెమరీకి సందు కలదా, అంతయు టంకమా? టంకమైనచో నేటి అవసరమునకు కాక, అయిదేండ్ల తరువాతి అవసరమునకు చాలునంత మెమరీని కొన్ననాడే తీసికొనవలెను. నా లెక్కలో నేడు కార్యాలయపు పనికి 16 గిగాబైట్లు కనీసము. సందున్నచో నేడు చాలునంత తీసికొని, వెల అనుకూలించినప్పుడు పెంచుకొనవచ్చును.

మూడవది: డిస్కు విడిగా వచ్చునా? వచ్చినను రాకున్నను, లెక్కల ప్రతిని వారమునకొకమారు వేరొక డిస్కులో దాచుట మానరాదు. విడిడిస్కు ఉన్నంత మాత్రమున దొంగతనము, అగ్నిభయము తొలగవు.

నాల్గవది: మూత విప్పి మెమరీ మార్చినచో వారంటీ చెల్లునా? ఈ సమాధానమును నోటిమాటగా కాక కాగితముమీద వ్రాయించుకొనవలెను. మరమ్మతుకు మనిషి మన ఊరికే వచ్చునా, యంత్రమునే నగరమునకు పంపవలెనా యని కూడ అందులోనే అడుగవలెను. ఎరువుల కాలమున పది దినములు యంత్రము లేకున్నచో కలుగు నష్టము, వెలలో మిగిలిన రెండువేల కంటె పెద్దది కావచ్చును.

అయిదవది: దీని ప్రాసెసరు ఏ సంవత్సరపుది? దుకాణమున దుమ్ము పట్టియున్న పాత తరపు యంత్రమును తగ్గింపు ధరకు కొన్నచో, దాని ప్రోగ్రాముల గడువు మనకు తెలియకుండగనే దగ్గరపడి యుండవచ్చును.

ఇక యంత్రము ఎవరికొరకు అనునది మరువరాదు. ఊరూర తిరిగి పాల లెక్కలు, బీమా లెక్కలు వ్రాయు మనిషి భుజమున ప్రతి దినము మోయవలసినది బరువు. అట్టివానికి సన్నని, తేలికయైన, దినమంతయు నడచు యంత్రమే తగినది. మెమరీ టంకమైనను ముందుగా హెచ్చుగా తీసికొన్నచో సరిపోవును. సంఘపు కార్యాలయమున బల్లమీదనే ఉండు యంత్రమునకు సన్నదనముతో పనిలేదు. దానికి అరకిలో బరువు హెచ్చినను, మూత సులభముగా విప్పదగినది, దుమ్ము తుడువ వీలైనది, మెమరీ డిస్కులు మార్చదగినది మేలు. అది ఎన్నడును బల్ల దిగనిదే యైనచో ల్యాప్‌టాపే కావలెనా యని కూడ ఆలోచింపవలెను. బల్లమీది కంప్యూటరు మరమ్మతునకు ఇంకను సులభము. కరెంటు తరచుగా పోవు చోట ల్యాప్‌టాపునకు లోపలి బ్యాటరీయే అండ యను మాటను కూడ ఆ లెక్కలో చేర్చవలెను. ఇద్దరికిని ఒకే రకమును కొనుట అంగడివానికి సులభము. సంఘమునకు లాభము కాదు.

నలువదియైదేండ్ల ఈ చరిత్రలో తేలిక కావలెనన్నప్పుడెల్ల ఒక మర పోయి ఒక టంకము వచ్చుట చూచితిమి. కొనువారు అడిగినప్పుడు ఆ మర తిరిగి వచ్చుటయు చూచితిమి. ఆస్‌బర్న్ పెట్టె బరువును నేడు ఎవరును కోరరు. గ్రిడ్ వారి వెలను ఎవరును భరింపలేరు. మనము చేయవలసినది బేరము మాత్రమే. ఎంత తేలికకు ఎంత వీలును విడిచిపెట్టుచున్నామో తెలిసి విడువవలెను. మన తాతలు ఎద్దును కొనునప్పుడు పండ్లు చూచిరి, గిట్టలు చూచిరి, నడిపించి చూచిరి. అటుపిమ్మట రుమాలు క్రింద వ్రేళ్లు పట్టి బేరము కుదుర్చుకొనిరి. ల్యాప్‌టాపును కొనునప్పుడును వెల అడుగుటకు ముందు దానిని బోర్లించి, అడుగున మరలున్నవో లేవో చూడుడు.